ఆకలికథలో నవ్వులేల?

నవరసములలో హాస్యమొకటి, కరుణమొకటి. ఈ రెండింటికిని పొసగదని మన ఆలంకారికులు చెప్పిరి. విశ్వనాథుడు తన సాహిత్యదర్పణమున కరుణమును హాస్యమునకు విరోధిరసముగా లెక్కించెను. ఏడ్చుచున్న ఇంటిలో నవ్వరాదనుట లోకమర్యాద కూడ. కావున బాలురు చదువు నవలలో పేదరికము, ఆకలి, అనాథత్వము వంటి కష్టములను వర్ణించునపుడు హాస్యమునకు చోటియ్యవచ్చునా అను ప్రశ్న సహజముగా పుట్టును. ఉపాధ్యాయవృత్తిలో ఉన్నంతకాలము నేను ఈ ప్రశ్నకు “ఇయ్యరాదు” అనియే సమాధానము చెప్పుచు వచ్చితిని. ప్రధానోపాధ్యాయునిగా పాఠశాల గ్రంథాలయమునకు పుస్తకములు ఎన్నునపుడు హాస్యగ్రంథములను ప్రక్కకు నెట్టి, కన్నీరు తెప్పించు గ్రంథములకే పెద్దపీట వేసితిని. నా సమాధానము తప్పని నాకు బోధించినవాడు పండితుడు కాడు. మీ యీడు బాలుడొకడు. ఆ కథ ముందుగా చెప్పెదను.

ఉద్యోగవిరమణానంతరము నేను హైదరాబాదు నగరమున జూబిలీహిల్స్ చెంత నివసించుచున్నాను. ఒకప్పుడు ఇది కొండరాళ్ళతోను ముళ్ళపొదలతోను నిండిన చోటు. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసునుండి క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చిన పిమ్మట ఈ రాతినేలమీద స్టూడియోలు వెలసినవి; నటుల భవనములు లేచినవి; ఫిలింనగర్ అను పేటయే ఏర్పడినది. రామానాయుడు స్టూడియో, పద్మాలయా స్టూడియో ఈ ప్రాంతములోనివే. అన్నపూర్ణ స్టూడియో వీనికి చేరువలోనే కలదు. ఆ భవనముల నడుమ, కొండవాలులమీద, ఇరుకు సందుల బస్తీలును కలవు. వెండితెరమీద మనకు కనబడనివారు అచట నివసింతురు: బరువైన దీపములు మోయు లైట్‌మెన్, సెట్లకు మేకులు కొట్టు వడ్రంగులు, రంగులు వేయువారు, వంటవారు, గుంపు దృశ్యములలో నిలుచుండు జూనియర్ ఆర్టిస్టులు. దాపుననే కృష్ణానగర్ కలదు. ప్రొద్దు పొడవకముందే అచట వీధిమొగలలో జనులు నిలిచి ఆనాటి పనికై ఎదురుచూతురు. పిలుపు వచ్చిననే కూలి; రాకున్న లేదు. లక్షలమందిని నవ్వించు చిత్రములు తయారగు చోటనే ఈ నిరీక్షణయు జరుగుచున్నది.

ఈ బస్తీలలో నొకదానియందు సాయంకాలములు పిల్లలను చేరదీసి కథలు చెప్పుట నా కలవాటు. 2020 మార్చి నెలలో కరోనా వ్యాధి కారణముగా చిత్రీకరణలు నిలిచిపోయినవి. బడులు మూతబడినవి. దినకూలితో బ్రతుకు కుటుంబములలో పొయ్యి వెలుగుట కష్టమయ్యెను. చలనచిత్ర ప్రముఖులు నిధి నొకదానిని సమకూర్చి కార్మికుల ఇండ్లకు బియ్యము, పప్పు మున్నగు వస్తువులు పంపిరి. అయినను నెలలతరబడి పనిలేని ఇంటికి ఎన్ని మూటలు చాలును? ఆంక్షలు సడలిన పిమ్మట ఒకనాటి సాయంకాలము పిల్లలు మరల వేపచెట్టు క్రింద ఎడమెడముగా కూర్చుండిరి. ఆంగ్లరచయిత చార్లెస్ డికెన్సు వ్రాసిన ‘ఆలివర్ ట్విస్ట్’ నవల కథను నేను వారికి తెలుగున చెప్పసాగితిని. పేదలశాలలో పెరుగుచున్న అనాథబాలుడు, ఆకలికి తాళలేక, ఖాళీ గిన్నె చేతబట్టుకొని వెళ్ళి మరికొంచెము గంజి కావలెనని అడుగు ఘట్టము వచ్చెను. చెప్పుచుండగా నా కంఠమే గద్గదమయ్యెను. సరిగా అప్పుడు ముందువరుసలోని బాలుడొకడు ఫక్కున నవ్వెను.

నాకు పట్టరాని కోపము వచ్చెను. “ఆకలిగొన్న పసివానిని చూచి నవ్వెదవా? నీకు హృదయము లేదా?” అని కసిరితిని. వాడు లేచి నిలుచుండి, తలవంచుకొని, మెల్లగా ఇట్లనెను:

“ఆ పిల్లగాన్ని చూసి నవ్వలే సార్. ఇంకొంచెం గంజి అడిగినందుకే ఆ పెద్దోళ్ళు గంత పరేషాన్ అయిన్రు గద, గందుకు నవ్వొచ్చింది. మా ఇంట్ల గూడ అన్నం అయిపోతే మా నాయిన ఖాళీ గిన్నె మీద గంటెతోని కొట్టి ‘ప్యాకప్’ అంటడు సార్. మేమందరం నవ్వుతం. నవ్వి, నీళ్ళు తాగి పండుకుంటం.”

ఆ బాలుని తండ్రి లైట్‌మన్. చిత్రీకరణ ముగిసినదని దర్శకుడు చాటు మాట ‘ప్యాకప్’. ఆ మాట వినబడిన పిదప దీపములు ఆర్పి, తీగలు చుట్టి, కార్మికులు ఇండ్లకు మరలుదురు. ఆ తండ్రి తనకు తెలిసిన ఆ ఒక్క మాటతో రిత్తగిన్నెను పిల్లలకు భయంకరము కాకుండ చేసెను. నేను మారు పలుకలేకపోతిని. రెండవది, ఆ బాలుడు డికెన్సును నాకంటె బాగుగా గ్రహించెను. ఆ ఘట్టమున రచయిత పరిహసించినది బాలుని కాదు. ఒక గరిటె గంజి అదనముగా అడిగినందుకు రాజ్యమే తలక్రిందులైనట్లు అదరిపడిన అధికారులను ఆయన పరిహసించెను. నేను ఇన్నేండ్లును ఆ పుటలోని కన్నీటిని మాత్రమే చూచితిని.

ఈ విషయమున పెద్దలలో రెండు అభిప్రాయములు వినుచున్నాను. భవనములలోని తల్లిదండ్రులు కొందరు, “మా పిల్లలకు ఆకలికథలేల? బాల్యమున సంతోషముగా ఉండనిండు, హాస్యకథలు చాలును” అందురు. బస్తీలలో సేవ చేయువారు కొందరు, “ఈ పిల్లల బ్రతుకే కష్టము. వీరికి నవ్వులాటలేల? కష్టమును కష్టముగా చూపి, కసి పుట్టించు గ్రంథములు కావలెను” అందురు. ఒకరు కష్టమును తీసివేయుమనుచున్నారు. ఒకరు నవ్వును తీసివేయుమనుచున్నారు. ఇరువురును బాలుని సగమే చూచుచున్నారని నా అభిప్రాయము. కష్టమెరుగని బాలుడును లేడు. కష్టములో నవ్వని బాలుడును లేడు. కావున ఈ రెండును కలిసియున్న నవలయే బాలునకు సత్యముగా తోచును.

మాటకు ఋజువులు కావలెను గదా! డికెన్సు జీవితమునే చూడుడు. 1824లో ఆయన పండ్రెండేండ్ల బాలుడు. తండ్రి అప్పులు తీర్చలేక లండనులో మార్షల్సీ చెరసాల పాలయ్యెను. బాలుడు బడి మాని, బూట్ల నల్లరంగు తయారగు కర్మాగారమున సీసాలకు చీట్లు అంటించు పనికి కుదిరెను. ఆ అవమానమును ఆయన జీవితాంతము మరువలేదు. అయినను 1849–50లలో వెలువడిన ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ నవలలో తన తండ్రి పోలికలతో మికాబర్ అను పాత్రను సృష్టించి లోకమును నవ్వించెను. మికాబర్ నిత్యఋణగ్రస్తుడు, రేపేదో మేలు జరుగకపోదని నమ్మినవాడు. అప్పులవారు తలుపు తట్టుచుండగనే అతడు రేపటికై కలలు కనును. పాఠకుడతనిని చూచి నవ్వును, కాని అసహ్యించుకొనడు. తండ్రిని క్షమించుటకు కుమారునకు దొరికిన మార్గమది యేమో!

మన భాషలో ఇట్టివాడు ముళ్ళపూడి వెంకటరమణ. ఆయన 1931లో గోదావరీతీరమున ధవళేశ్వరమున జన్మించెను. చిన్నతనముననే తండ్రిని కోల్పోయెను. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని మద్రాసు చేరి, నానా అగచాట్లు పడి వారిని పెంచెను. రమణ ఉద్యోగములకై తిరిగి, 1953లో ఆంధ్రపత్రికలో చేరెను. ఆ అనుభవములనుండి పుట్టినది ‘ఋణానందలహరి’. అందు అప్పు చేయుటను ఒక కళగా అభ్యసించిన అప్పారావు మనలను కడుపుబ్బ నవ్వించును. కడుపు నిండినవానికి అప్పు అడుగువాని మాటలోని తడబాటు అంత సూక్ష్మముగా తెలియదు. ముదిమిలో వ్రాసిన ‘కోతి కొమ్మచ్చి’ అను ఆత్మకథలో రమణ ఆ లేమిదినములనే చెప్పెను. ఆయన ఎచటను తనపై జాలిపడుమని కోరలేదు. చదువుచు నవ్వుదుము; పుట మూసిన పిమ్మట ఆ తల్లి పడిన శ్రమ మనకు జ్ఞాపకమునకు వచ్చును. రమణ 2011లో కీర్తిశేషుడయ్యెను.

‘బుడుగు’ను మీలో ననేకులు ఎరుగుదురు. 1950ల దశకమున ఆంధ్రపత్రిక వారపత్రికలో రమణ వ్రాయగా, బాపు బొమ్మలు వేసిన గ్రంథమిది. “బుడుగుకు కష్టమేమున్నది? అతని ఇంట అన్నమునకు లోటు లేదు గదా” అని మీరు అడుగవచ్చును. చిన్నవాడై యుండుటయే ఒక కష్టము. పెద్దలు ప్రశ్నకు సమాధానము చెప్పరు. తమ తప్పు కప్పిపుచ్చుకొని పిల్లవానిని కొట్టుదురు. ఒక ప్రైవేటు మాస్టారు పోయిన మరియొకరిని తెత్తురు. ఈ అన్యాయమును బుడుగు తన భాషలో మనకు చెప్పుకొనును. పిల్లవాని కష్టమును పిల్లవాని కంటితోనే చూచుటచే ఆ గ్రంథము ఇన్ని దశాబ్దములైనను వాడలేదు.

ఇటీవలివారిలో చిత్తూరు మండలపు పల్లె బాల్యమును ఆ ప్రాంతపు పలుకుబడిలోనే వ్రాసిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘సినబ్బ కథలు’, నెల్లూరు సీమలోని ముస్లిం కుటుంబపు బాల్యమును చిత్రించిన మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ చెప్పదగినవి. ఇవి నవలలు కావు, కథామాలికలు. అయినను ఒకే బాలుని కంటితో ఒకే లోకమును చూపుటచే నవల చదివిన తృప్తి కలుగును. లేమి ప్రతి పుటలోను కలదు. ఆ లేమిలో అమ్మల తిట్లును, పిల్లల దొంగపనులును, పండుగనాటి ఆశలును కలవు. అవి నవ్వించును. ఆ నవ్వువలన ఆ ఇంటివారు మనకు దయనీయులుగా కాక, బంధువులుగా కనబడుదురు.

ఇందొక రహస్యము కలదు. ఉత్త జాలి పుట్టించు గ్రంథము చదువునపుడు పాఠకుడు మెట్టుమీద నిలిచి క్రిందికి చూచును. “అయ్యో పాపము” అని కన్నీరు కార్చి, తాను దయామయుడనని సంతోషించి, పుస్తకమును మూసివేయును. ఆ కథలోని పేదబాలుడు తరగతిలో తన ప్రక్కనే కూర్చుండియున్నను గుర్తింపడు. ఆ బాలునితో కలిసి నవ్వినవాడు మాత్రము మెట్టు దిగివచ్చినవాడు. నవ్వుటకు ఇరువురు సమానులు కావలెను. పేదబాలుడు ఈ గ్రంథమును చదివినచో, తన ఇంటిలోని తెలివియు చమత్కారమును అచ్చులో చూచుకొని, “మేమును పుస్తకమునకు తగినవారమే” అని తల ఎత్తును. ఆ ధైర్యమును నీతివాక్యములు నూరు చెప్పినను ఇయ్యలేము.

అయినచో ఎల్ల నవ్వులును మంచివేనా? కావు. భరతుడు నాట్యశాస్త్రమున స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని నవ్వును ఆరు విధములుగా విభజించి, మొదటి రెండును ఉత్తములవి, తుది రెండును అధములవి అని చెప్పెను. ఎట్లు నవ్వుచున్నామో చూపు విభాగమది. కష్టముల కథలో దానికంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు: ఆ నవ్వు ఎవరిమీద పడుచున్నది?

ఈ ఫిలింనగరుకు సంబంధించిన ఉదాహరణమే చెప్పెదను. ఆదివిష్ణు వ్రాసిన ‘సత్యంగారిల్లు’ అను నవల ఆధారముగా 1987లో ‘అహ నా పెళ్ళంట’ చిత్రము వెలువడెను. దర్శకుడు జంధ్యాల, నిర్మాత డి. రామానాయుడు. అందు కోట శ్రీనివాసరావు ధరించిన పాత్ర పరమలోభి. అతడు ఇంటికప్పునుండి కోడిని వ్రేలాడదీసి, దానిని చూచుచు ఉత్త అన్నము తినును. ఆ దృశ్యమున కోడియు అన్నమును ఉన్నవి. ఆకలిని తలపించు సరంజామా అంతయు ఉన్నది. కాని మనము నవ్వునది లేనివానిని చూచి కాదు, ఉండియు తిననివానిని చూచి. నవ్వు లోభముమీద పడినది, ఆకలిమీద పడలేదు. కావుననే అది ఎవరిని నొప్పింపదు. చార్లీ చాప్లిన్ 1925లో ‘గోల్డ్ రష్’ చిత్రమున ఆకలికి తాళలేక తన బూటునే ఉడికించి విందుభోజనమువలె ఆరగించును. ఏడేండ్లప్రాయమున లండను పేదలశాలలో ఉండి ఆకలిని చవిచూచినవాడాయన. తన కష్టమునుండి తాను హాస్యము తీయుటకు ఆయనకు హక్కు కలదు.

దీనికి విరుద్ధమైనది వికలత్వమును, వర్ణమును, నత్తిని, పొట్టితనమును చూచి నవ్వించు హాస్యము. చిత్రములలోను, పుస్తకములలోను అది మెండుగా కలదు. చిలకమర్తి లక్ష్మీనరసింహము ‘గణపతి’ తెలుగున గొప్ప హాస్యనవల. పేదరికమున పెరిగి, చదువబ్బక, తుదకు తానే బడిపంతులైన వాని కథయది. చిలకమర్తి బాల్యమునుండి చూపు మందమైనవాడు. పెద్దతనమున పూర్తిగా చూపు కోల్పోయెను. రాజమహేంద్రవరమున దళిత బాలబాలికలకై పాఠశాల స్థాపించి నడపిన దయామయుడు. అట్టి మహనీయుని గ్రంథమందును గణపతి ఆకారమును చూచి నవ్వించు చోటులు నేటి పాఠకునకు కొంచెము ఇబ్బందిగా తోచును. గ్రంథము గొప్పదగుటచే దానిలోని ప్రతి నవ్వును మనము అంగీకరింపవలెనని లేదు. గౌరవించుచునే ప్రశ్నింపవచ్చును.

ఈ నవ్వు చేయు హానిని నేను కన్నులార చూచితిని. అందు నా తప్పును కలదు. నేను పనిచేసిన ఒక పాఠశాలలో నత్తిగల బాలుడొకడు పాఠము బిగ్గరగా చదువుచుండగా, తోటివాడొకడు ఒక చిత్రములోని హాస్యనటుని గొంతుతో వానిని అనుకరించెను. తరగతి అంతయు గొల్లుమనెను. నేనును నవ్వితిని. అంతకుముందు తడబడుచునైనను చేయి ఎత్తుచుండిన ఆ బాలుడు, ఆ యేడు ముగియువరకు మరల చేయి ఎత్తలేదు. తప్పు తెలిసికొని వానిని పిలిచి అనునయించితిని. కాని గురువు నవ్వును శిష్యుడు సులభముగా మరువడు. ఆ ఒక్క క్షణపు నవ్వునకు వాడు చెల్లించిన మూల్యము ఒక సంవత్సరము.

మరియొక ప్రమాదమును కలదు. “ఆ పేదలు నవ్వుచునే ఉన్నారు గదా, వారికేమి లోటు?” అని కష్టమును తేలికచేయుట. ‘ప్యాకప్’ అను మాటతో ఆ పిల్లలు నవ్విరి; కాని వారి కడుపు నిండలేదు. మంచి రచయిత ఈ రెండింటిని చెప్పును. నవ్వు మొదటిమాట, నీళ్ళు త్రాగి పండుకొనుట రెండవమాట. రెండవమాటను దాచిన గ్రంథము అబద్ధము చెప్పినది. చివరి పుటలో ధనవంతుడైన బంధువు నొకనిని తెచ్చి కష్టములన్నియు ఒక్కసారిగా తీర్చిన గ్రంథమును ఇట్టిదే. డికెన్సు కూడ ఆలివర్ కథను ముగించుటకు అట్టి ఉపాయమునే ఆశ్రయించెను. నాకు ఆ ముగింపుకంటె ఆ గంజిగిన్నెయే సత్యముగా తోచును.

విద్యార్థులారా! ఇకమీదట మీరు ఏ నవల చదివినను, కష్టము నడుమ నవ్వు వచ్చినపుడు ఒక్క క్షణము ఆగి మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ నవ్వు ఎవరిమీద పడినది: బాధపడువానిమీదనా, బాధపెట్టువానిమీదనా? కష్టపడువాడు ఈ పుటను చదివినచో మనతో కలిసి నవ్వునా, తలవంచుకొనునా? నవ్వు ముగిసిన పిమ్మట కష్టము మనకు ఇంకను కనబడుచున్నదా, కనుమరుగైనదా? ఈ మూడు ప్రశ్నలకు నిలిచిన గ్రంథమును దాచుకొనుడు, మిత్రులకిండు. తరగతి గదిలోని నవ్వునకును ఇవే ప్రశ్నలు వర్తించునని మరువకుడు.

హాస్యకరుణములు విరోధులని చెప్పిన ఆలంకారికులను నేను నేటికిని గౌరవింతును. వారు చెప్పినది రాజసభలలోని కావ్యములకు, నాటకములకు చెల్లునేమో. బస్తీలోని వంటయింటిలో మాత్రము ఆ రెండు రసములు ఒకే గిన్నెచుట్టు కూర్చుండియున్నవి. ఆ మరునాడు నేను బస్తీకి ‘బుడుగు’ను తీసికొని వెళ్ళితిని. నన్ను దిద్దిన బాలుని చేతికే ఇచ్చి బిగ్గరగా చదువుమంటిని. వాడు నాలుగు పంక్తులు చదివి నవ్వాపుకొనలేక ఆగిపోయెను. ఈ తడవ నేను కసరలేదు.